కళ్ళు లేవనుకున్న జీవి

మా కోనసీమలో రాయి పుట్టదు. ఇంటి పునాదికి కావాలన్నా, వంటింట్లో రుబ్బురోలుకి కావాలన్నా గోదావరి అవతల నించి రావలసిందే. ఎంత లోతు తవ్వినా ఒండ్రు, ఇసక, మళ్ళీ ఒండ్రు. అలాంటి చోట కూర్చుని నేను ఉద్యోగంలో పన్నెండేళ్ళ పైన ఒక్క రాయిని చూస్తూ గడిపాను. అరచేతిలో పట్టే రాయి. ఇప్పుడు లెక్చరర్లుగా చేరుతున్న మా పాత పిల్లలు కొందరు “మీ సర్వీసులో మర్చిపోలేనిది ఏదైనా రాయండి మేడమ్” అని అడుగుతుంటారు. ఉత్సాహం కలిగించేది ఏదైనా కావాలని వాళ్ళ ఉద్దేశం కాబోలు. నా దగ్గర ఉన్నది మాత్రం ఇది.

అమలాపురంలో ఒక డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేదాన్ని. ఊరు చెప్పేను గానీ కాలేజీ పేరు, మనుషుల పేర్లు చెప్పను. కొందరు ఇప్పుడు లేరు. ఉన్నవాళ్ళకి ఆ పేరు అక్కర్లేదు.

మా డిపార్టుమెంటు వెనక పొడుగాటి పెంకుటి గది ఒకటి ఉండేది. దాన్ని మ్యూజియం అనేవాళ్ళం. సీసాల్లో పాములు, తేళ్ళు, రెండు తలల మేకపిల్ల. గది చివర చెక్క బీరువాలో, దూది పరిచిన ట్రేలో ఆ రాయి. బూడిదరంగు పలక. దాని మీద బొటనవేలంత ట్రైలోబైటు అచ్చు.

ట్రైలోబైటు అంటే సముద్రంలో బతికిన జీవి. మన రొయ్యకీ పీతకీ దూరపు చుట్టం అనుకోండి. ఒళ్ళు నిలువునా మూడు తమ్మెలుగా, అంటే భాగాలుగా, ఉంటుంది, అందుకే ఆ పేరు. కోట్ల ఏళ్ళ కిందట సముద్రాల నిండా ఉండేవి, ఇప్పుడు ఒక్కటీ లేదు. వాటిలో చాలావాటికి కళ్ళుండేవి. చీకటి నీళ్ళలోనో, బురదలోనో బతికిన కొన్నిటికి లేవు. అలా కళ్ళు లేనివాటిలో కోనోకొరైఫీ అని ఒక ప్రజాతి, అంటే దగ్గరి జాతుల గుంపు, ఉంది. మా రాయి మీద ఉన్నది అదేనని మా మాస్టారు నిర్ణయించారు. పేరు వినగానే మా పిల్లలు దాన్ని ‘కోనసీమ పురుగు’ అనేవారు. ఏ బ్యాచీ వచ్చినా ఆ జోకు మాత్రం వాళ్ళే కొత్తగా కనిపెట్టినట్టు వేసేవారు.

మాస్టారంటే మా హెడ్డుగారు. నాకు డిగ్రీలో పాఠం చెప్పిందీ ఆయనే. కొత్తపేట మనిషి. వరి, కొబ్బరి బాగా ఉన్న కుటుంబం. సర్వే పని మీద హిమాలయాల్లో స్పితి లోయకి వెళ్ళిన స్నేహితుడొకరు, మాస్టారి పడుచుతనంలో, ఆ రాయి తెచ్చి ఇచ్చారట. దాన్ని కడిగి, పాడవకుండా పైన లక్క పూత పూసి, పుస్తకాలు ముందేసుకుని వర్గం తేల్చింది ఆయనే. తెలుగు మీడియం పిల్లల కోసం ఆయన రాసిన పాఠ్యపుస్తకంలో దాని బొమ్మ ఉండేది. బొమ్మ కింద “కళ్ళు లేకపోవడమే ఈ కుటుంబానికి గుర్తు” అని ఒక వాక్యం. ఆ వాక్యం బట్టీ పట్టి పరీక్షలు రాసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

మా తాత రాజోలు వైపు పొలాల్లో పాలేరు. నాన్న మిషను బడిలో చదువుకుని టీచరయ్యారు. నేను ఈ కాలేజీలో ఇంటర్వ్యూకి వెళ్ళినప్పుడు కమిటీలో ఒకరు మా ఊరూ పేటా అడిగి, అక్కడితో ఆగిపోయారు. మాస్టారు మాత్రం “పేట సంగతి తరవాత. ముందు పాఠం చెప్పించి చూడండి” అన్నారు. చెప్పాను. ఉద్యోగం వచ్చింది. ఆయన ఆ మాట మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. అందుకే నాకది మరీ బరువైంది.

తొంభైల మొదట్లో ఆయన రిటైరవుతూ “ఈ రాయి మీద నువ్వు పనిచెయ్యమ్మా” అన్నారు. విశాఖపట్నం యూనివర్సిటీలో పార్టుటైము పిహెచ్.డి.కి నమోదయ్యాను. విషయం: కళ్ళు లేని ట్రైలోబైట్లు, వాటి వర్గీకరణ. అప్పటికి మా సీమకి రైలు లేదు. అమలాపురంలో బస్సెక్కి, రావులపాలెం మీదుగా జొన్నాడ వంతెన దాటి, రాజమండ్రిలో రైలు అందుకుని వెళ్ళాలి. వేసవి సెలవులన్నీ వేరే ఊళ్ళ మ్యూజియం గదుల్లో, వేరేవాళ్ళ బీరువాల ముందు గడిచిపోయాయి. మీకు పరిశోధన అంటే ఏదో ఒక వెలుగు వెలగడం అని ఎవరైనా చెప్పి ఉంటే, నేను చూసినంతలో అది ఎక్కువ భాగం బీరువా తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోవడం.

నాలుగో అధ్యాయం మా రాయి గురించి. కోనోకొరైఫీలో అప్పటిదాకా చెప్పిన ఏ జాతితోనూ ఇది సరిగ్గా కలవలేదు. తల వెడల్పు తక్కువ, పక్కలు నిటారుగా ఉన్నాయి. అంటే కొత్త జాతి అన్నమాట. కొత్త జాతికి పేరు పెట్టే అవకాశం నాది. మాస్టారి ఇంటి పేరు మీద పెడతానని కొత్తపేట వెళ్ళి ఆయనతో చెప్పాను. లోపలికి వెళ్ళి కొబ్బరి బొండాం ఆయనే కొట్టి తెచ్చి ఇచ్చారు. ఆ వారంలోనే ఊళ్ళో అందరికీ తెలిసింది. మందుల షాపులో పొట్లాలు కట్టే అబ్బాయి కూడా “మాస్టారి పేరు శాస్త్రంలోకి ఎక్కుతోందటగా” అని నన్నడిగాడు. అధ్యాయంలో సగం ముందుగానే ఒక చిన్న పత్రికలో వ్యాసంగా అచ్చయింది.

అప్పుడు తొంభై ఆరు తుఫాను వచ్చింది. దాని గురించి కోనసీమ వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. రోడ్లకి అడ్డంగా పడ్డ కొబ్బరిచెట్లు తీశాక కాలేజీకి వెళితే మ్యూజియం గది మీద పెంకుల్లేవు. సీసాలు సగం పగిలాయి. ట్రేలు మాత్రం వరండాలో బల్ల కింద వరసగా పేర్చి, పైన గోనెలు కప్పి ఉన్నాయి. మా అటెండరు గారు నా కంటే ముందు నడిచి వచ్చి ఆ పని చేశారు.

ఆయనది బండారులంక. నేత కుటుంబం. ఇరవయ్యేళ్ళు మగ్గం గుంటలో కూర్చుని చీరలు నేశారు. మగ్గం మీద బతుకు గడవక, ఎవరో చెప్తే అటెండరుగా చేరారు. రోజూ సైకిలు మీద వచ్చేవారు. నా కంటే పదిహేనేళ్ళు పెద్ద. నేను బాబాయ్ అనేదాన్ని, ఆయన నన్ను మేడంగారూ అనేవారు.

తడిసిన రాయి మీద పాత లక్క పూత తెల్లగా పొంగి, పెచ్చులు లేస్తోంది. చూస్తే ప్రాణం పోయినట్టైంది. “దీన్ని నెమ్మదిగా తీసెయ్యాలి బాబాయ్. అచ్చు మీద గీత పడకూడదు” అన్నాను.

“ఆయ్. నేను తీస్తానండి” అన్నారు.

రోజూ మధ్యాహ్నం ప్రాక్టికల్సు లేని గంటలో కిటికీ దగ్గర కూర్చుని, తడి దూదితో నానబెట్టి, సూది మొనతో ఒక్కొక్క పెచ్చూ లేపేవారు. నెల పైన పట్టింది. తెగిన పోగుని వెతికి ముడేసిన చేతులు. గీత పడలేదు.

ఒకరోజు నన్ను పిలిచారు.

“మేడంగారూ, ఓసారి ఇటు చూస్తారా అండి?”

“ఏమైంది బాబాయ్, విరిగిందా?”

“ఇరగలేదండి. ఈ తల ముందు వైపు చూడండి. గట్టులా ఎత్తుగా వచ్చింది కదండీ. ఇది నేసిన అంచండి. ఇప్పుడు ఈ పక్కలు చూడండి. గట్టు లేదు. ఇది కోసిన అంచండి. ఇక్కడ్నించి ముక్క పోయింది.”

“పాత రాయి బాబాయ్. విరిగి ఉంటుంది.”

“ఇరిగితే రెండు పక్కలా ఒకేలాగ ఇరగదు కదండీ.”

నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. అర్థమైంది కాబట్టే కోపం వచ్చింది.

“ఇది చీర కాదు బాబాయ్, సైన్సు. తుడవడం అయిపోతే ట్రేలో పెట్టెయ్యండి” అన్నాను.

“ఆయ్” అన్నారు. పెట్టేశారు.

మర్నాడు మొదటి క్లాసుకి ముందే వెళ్ళి రాయిని మైక్రోస్కోపు కింద పెట్టాను. లక్క పోయిన చోట తల పక్కల అంచు స్పష్టంగా ఉంది. రెండు వైపులా, ఒకే ఎత్తులో, నెలవంకలాంటి చిన్న వంపు. కన్ను ఆనుకుని ఉండే చోటు అది.

ఇక్కడ రెండు ముక్కలు చెప్పాలి. ట్రైలోబైటు పెరిగేటప్పుడు పాము కుబుసం విడిచినట్టు పై పెంకు విడుస్తుంది. అలా విడిచేటప్పుడు చాలా రకాల్లో తలకి రెండు పక్కలా ఉన్న చెంప ముక్కలు ఒక గీత వెంబడి ఊడిపోతాయి. కన్ను ఆ ముక్కలతో పోతుంది. కోనోకొరైఫీకి కళ్ళు లేవు, ఆ గీత కూడా తల అంచు పక్కనే ఉంటుంది, పోయే ముక్క సన్నటిది. మా రాయి మీద పోయింది సన్నటి ముక్క కాదు, చెంపలకి చెంపలే. అంటే మా దగ్గరున్నది కళ్ళు లేని జీవి కాదు. కళ్ళున్న జీవి విడిచేసిన పెంకు. కళ్ళు ఇంకెక్కడో, ఆ లోయలో ఏ రాతిలోనో ఉండిపోయాయి. తల వెడల్పు తక్కువగా, పక్కలు నిటారుగా ఉన్నది కొత్త జాతి కాబట్టి కాదు, చెంపలు లేవు కాబట్టి. లక్క, దాని కింద దుమ్ము కలిసి ఆ వంపుని ముప్ఫయ్యేళ్ళు మూసేశాయి.

పెంకు విడవడం గురించి ప్రతి ఏడూ పిల్లలకి పాఠం చెప్పేదాన్ని నేనే. బోర్డు మీద ఆ గీత గీసి చూపించేదాన్ని.

రాయి ట్రేలో పెట్టి, బీరువా తాళం వేసి, క్లాసుకి వెళ్ళాను. మూడు నెలల తరవాత థీసిస్ సమర్పించాను. నాలుగో అధ్యాయం అలాగే ఉంది. మాస్టారి పేరు అలాగే ఉంది.

ఎందుకు చేశావని అడిగితే గొప్ప కారణం చెప్పలేను. యూనివర్సిటీలో మా గైడుగారు రిటైరయ్యే ఏడాది అది. నేను అయిదారేళ్ళుగా బస్సుల్లో కూర్చుని నడుము పోగొట్టుకున్నాను. మాస్టారి ఊళ్ళో అందరికీ తెలిసిపోయింది. ఒక్క రాయి గురించి ప్రపంచంలో ఎవరికి కావాలి అని కూడా అనుకున్నాను. ఇవన్నీ నిజమే. కానీ వీటన్నిటి అడుగున ఇంకొకటుంది. అటెండరు చెప్తే నా థీసిస్ మారడమేమిటి అనుకున్నాను. పాలేరు మనవరాల్ని, పాఠం చెప్పించి చూడండని ఒకాయన అంటే ఉద్యోగం వచ్చినదాన్ని, ఆ మాట అనుకున్నాను. పైకి అనలేదు. అనుకుంటే చాలదూ.

బాబాయి ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. రోజూ అలాగే వచ్చారు, టీ తెచ్చారు, బెల్లు కొట్టారు. నేను ఆయన మొహం చూడకుండా పని చెప్పడం నేర్చుకున్నాను. అదేమంత కష్టం కాదు. ఆఫీసుల్లో చాలామంది ఆ పని సర్వీసంతా చేస్తారు.

దాదాపు ఏడాదికి వైవాకి పిలిచారు. పరీక్షకుడిగా ఉత్తరాది నించి ఒక పెద్దాయన వచ్చారు. ఆ విషయంలో పేరున్న మనిషి. రాయి తీసుకురమ్మన్నారు. చేతిసంచిలో దూది చుట్టిన డబ్బా పెట్టుకుని, ఒళ్ళో ఉంచుకుని వెళ్ళాను. జొన్నాడ దగ్గర వంతెన మీద లారీ ఆగిపోయి గంట నిలబడ్డాం. ఆ గంటా కింద గోదావరి చూస్తూ, రాజమండ్రిలో రైలు తప్పిపోతే బాగుండునని అనుకున్నాను. తప్పలేదు.

గదిలో మా గైడుగారు, పరీక్షకుడు, ఇద్దరు ముగ్గురు డిపార్టుమెంటు వాళ్ళు, ముందు బల్ల మీద సమోసాలు. పెద్దాయన గంటన్నర ప్రశ్నలు వేశారు. కళ్ళు లేని ప్రజాతులన్నిటినీ ఒకే కుటుంబంలో పెట్టడం మీద ఎక్కువ అడిగారు. కళ్ళు పోవడం వేరువేరు వంశాల్లో వేరువేరుగా జరిగి ఉండొచ్చునని, లేనిదాన్ని బట్టి చుట్టరికం కలపడం ప్రమాదమని కొందరు కొత్తగా రాస్తున్నారు, చదివారా అన్నారు. చదివానన్నాను. ఏదో జవాబు చెప్పాను. రాయిని చేతిలోకి తీసుకుని అర నిమిషం చూసి, “అందంగా ఉంది” అని పక్కన పెట్టారు. ఆయనకి మధ్యాహ్నం రైలుంది. వాచీ చూసుకున్నారు. గైడుగారు నా వంక చూసి చిన్నగా నవ్వారు. అయిపోయిందన్న నవ్వు.

పెద్దాయన కాగితాలు సర్దుకుంటూ, అందరినీ అడిగినట్టే, “మీరు చెప్పదలుచుకున్నది ఇంకేమైనా ఉందా?” అన్నారు.

“ఉందండి. నాలుగో అధ్యాయం తప్పు” అన్నాను.

ఆ మాట ధైర్యంతో అన్నానని ఎవరైనా అనుకుంటే, కాదు. ధైర్యం ఉంటే ఏడాది ముందే అనేదాన్ని. ఆ డిగ్రీ తీసుకుని వెనక్కి వెళ్ళి, మళ్ళీ ఆ టీ తాగి, మళ్ళీ ఆ మొహం చూడకుండా ఉద్యోగం చెయ్యడానికి నాకు ఓపిక లేదు. అంతే.

పెద్దాయన జేబులోంచి భూతద్దం తీసి, రాయిని కిటికీ వైపు తిప్పి చూడడం మొదలుపెట్టారు. ఈసారి చాలాసేపు చూశారు. నేను అంచు గురించి, వంపు గురించి చెప్పాను.

“ఇది ఎవరు చూశారు?” అన్నారు.

“మా అటెండరు గారండి. పూర్వం చీరలు నేసేవారు.”

“మీకు ఎప్పుడు తెలిసింది?”

ఆ ప్రశ్న వస్తుందని నేను వంతెన మీద కూడా అనుకోలేదు.

“సమర్పించక ముందేనండి.”

ఆయన భూతద్దం మడిచి జేబులో పెట్టుకున్నారు. “ఇవాళ చెప్పినందుకు మెచ్చుకోవాలో, అప్పుడు చెప్పనందుకు కోప్పడాలో నాకు తెలియడం లేదమ్మా. రెండూ చేసినట్టే అనుకోండి” అన్నారు. తిరగరాసి మళ్ళీ సమర్పించమని కాగితం మీద రాసి సంతకం పెట్టారు. ఆయన రైలు అప్పటికే వెళ్ళిపోయింది.

వరండాలో గైడుగారు నన్ను ఆపారు. “నాతో ముందు ఒక్క మాట చెప్పవలసింది” అన్నారు. ఆ తరవాత నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. ఆయన తప్పేమీ లేదు.

మర్నాటి సాయంత్రం కాలేజీలో బాబాయి స్టూళ్ళు సర్దుతుంటే వెళ్ళి నిలబడ్డాను.

“మీరు చెప్పిందే నిజం బాబాయ్. అక్కడ చెప్పేశాను.”

“డిగ్రీ ఇచ్చేరా అండి?”

“లేదు. మళ్ళీ రాయాలి.”

ఆయన స్టూలు దించి, “అయ్యో” అన్నారు. “నేను ఆ రోజు నోరు మూసుకుని ఉండాల్సిందండి.”

ఇన్నేళ్ళలో నాకు ఎక్కువ బాధ కలిగించిన మాట అది. గైడుగారి మాట కాదు, పెద్దాయన మాట కాదు.

మాస్టారికి చెప్పడం మిగిలింది. ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక కొత్తపేట బస్సెక్కాను. ఆయన వరండాలో పేపరు చదువుకుంటున్నారు. ఉన్నదంతా చెప్పాను. సమర్పించక ముందే తెలిసిందని కూడా.

“అయితే పేరు?” అన్నారు.

“పెట్టడానికి లేదు మాస్టారూ. అది ఏ ప్రజాతో కూడా చెప్పలేం. గుర్తు పట్టడానికి కావలసిన ముక్కలే పోయాయి.”

“ఎవరు చూసేరన్నావ్?”

“మన బాబాయి.”

“అటెండరా?”

ఆ మాటకి నేను కోపం తెచ్చుకోవచ్చు. నాకా హక్కు లేదు. నేనూ అదే అన్నాను కదా, లోపల. తల వంచుకుని కూర్చున్నాను. ఆయన పేపరు మడతలు సరిచేసి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచారు.

“అంటే ముప్ఫయ్యేళ్ళు పిల్లలకి తప్పు చెప్పేనన్నమాట” అన్నారు చివరికి. “వెళ్ళమ్మా, బస్సు పోతుంది.”

ఆ పూట ఆయన మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. ఆ ఇంట్లో అలా ఎప్పుడూ జరగలేదు.

పత్రిక వాళ్ళకి వ్యాసం వెనక్కి తీసుకుంటున్నానని ఉత్తరం రాశాను. దాన్ని ఒక మూల నాలుగు లైన్లలో వేశారు. స్టాఫ్ రూములో కొందరు “మేడంగారి పురుక్కి కళ్ళొచ్చాయట” అనుకునేవారు, నేను విననట్టు ఉండేదాన్ని. వాళ్ళూ నేను వినలేదన్నట్టే ఉండేవారు. నా తరవాత చేరిన ఇద్దరు నా కంటే ముందు రీడర్లుగా ప్రమోషను తీసుకున్నారు. మాస్టారు అంతకు ముందు నెలకోసారైనా డిపార్టుమెంటుకి వచ్చేవారు. రావడం మానేశారు.

ఏడాది దాటాక ఒకరోజు వచ్చారు. నా గది ముందు నించే నడిచి వెళ్ళిపోయారు. నేను లేచి వెనకాలే వెళితే, మ్యూజియం గుమ్మంలో నిలబడి బాబాయిని పిలుస్తున్నారు.

“ఏదయ్యా, ఆ కోసిన అంచేదో నాకూ చూపించు.”

“ఆయ్, కూర్చోండి” అని బాబాయి కుర్చీ తుడిచి, రాయి తెచ్చి కిటికీ దగ్గర పెట్టారు. ఇద్దరి తలలూ దగ్గర దగ్గరగా వంగాయి. బాబాయి సూదితో ముట్టుకోకుండా చూపిస్తూ, గట్టు ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో చెప్పారు. మాస్టారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశారు. నేను గుమ్మంలోనే ఉండిపోయాను.

“పూత ఉండగా నీకిది కనపడిందా?” అన్నారు మాస్టారు.

“లేదండి. పూత ఉండగా ఎవరికీ కనపడదండి.”

“ఆ పూత వేసింది నేనే.”

“రాయి పాడవకూడదని వేసేరండి. వెయ్యకపోతే ఈపాటికి ఏమీ మిగిలేది కాదండి.”

మాస్టారు బాబాయి భుజం మీద చెయ్యి వేసుకుని లేచారు. మోకాళ్ళ నెప్పులాయనకి. ఆయన లేచాక కూడా ఆ చెయ్యి కాసేపు అక్కడే ఉంది. గుమ్మం దాటుతూ నా దగ్గర ఆగారు.

“నా పుస్తకంలో ఆ బొమ్మ కింది వాక్యం కొట్టేసి చెప్పమ్మా పిల్లలకి. ఎందుకు కొట్టేశావో అది కూడా చెప్పు” అన్నారు.

చెప్పాను. రిటైరయ్యేదాకా ప్రతి బ్యాచీకీ చెప్పాను. పరీక్షలో రాదు కాబట్టి వాళ్ళు రాసుకునేవారు కాదు.

థీసిస్ తిరగరాయడానికి ఇంకో నాలుగేళ్ళు పట్టింది. కొత్త గైడు, మళ్ళీ అవే బస్సులు. నాలుగో అధ్యాయం ముప్ఫై పేజీల నించి రెండు పేజీలైంది: ఈ నమూనా కళ్ళున్న ట్రైలోబైటు విడిచిన పెంకు, ప్రజాతి తెలియదు. మిగిలినదంతా, కళ్ళు లేవన్న ఒక్క గుర్తుతో వేరువేరు వంశాల వాటిని ఒక కుటుంబంగా ఎలా కట్టేశామన్న దాని మీద నడిచింది. అందులో నేను కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు. ఇతరులు చెప్పినదానికి ఇంకొక ఉదాహరణ చేర్చాను, ఆ ఉదాహరణ నేను చేసిన తప్పే. రెండువేల సంవత్సరం దాటాక, జుట్టు సగం నెరిశాక డిగ్రీ వచ్చింది. అప్పటికి మాస్టారు పోయి ఆర్నెల్లైంది.

అప్పటికి బాబాయి రిటైరయ్యారు. బైండు చేయించిన కాపీ ఒకటి పట్టుకుని బండారులంక వెళ్ళాను. వాళ్ళ వీధిలో రెండు మగ్గాల చప్పుడే వినపడింది. ఒకప్పుడు ఆ వీధిలో పక్కవాడి మాట వినపడేది కాదట. పిన్నిగారు టీ ఇచ్చారు. పుస్తకం చేతికిచ్చి, కృతజ్ఞతల పేజీ తీసి, ఆయన పేరు దగ్గర వేలు పెట్టి చూపించాను. ఇంగ్లీషులో ఉంది. అంచు సంగతి మొదట గమనించింది ఈయనేనని ఆ పక్కన రాశాను. దాన్ని తెలుగులో చదివి చెప్పాను.

ఆయన ఆ లైను మీద వేలు పెట్టి చివరిదాకా జరిపారు. తరవాత పుస్తకం మొదటినించి చివరిదాకా పేజీలు తిప్పారు. బొమ్మలున్న చోట ఆగి, లేనిచోట ఆగకుండా.

“చాలా రాసేరండి” అన్నారు.

“చాలా ఏళ్ళు పట్టింది బాబాయ్.”

“ఇందులో కూడా ఏదైనా తప్పు ఉంటే ఎలాగండి?”

“ఉండే ఉంటుంది. ఎవరో ఒకరు చూసి చెప్తారు.”

ఆయన పుస్తకం మూసి, ఒళ్ళో పెట్టుకుని, నా మొహంలోకి చూశారు. కోపం లేదు. మగ్గం ముందు కొత్తగా కూర్చున్నవాళ్ళకి చెప్పినట్టు నెమ్మదిగా అన్నారు.

“చెప్తే వినాలండి మరి.”

“ఆయ్” అన్నాను.